గుహలో దొడ్డి ఎక్కడ?

(గుహల అన్వేషణకు బయలుదేరుతున్న యువబృందం కోసం ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో జరిగిన సమావేశంలో, గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు కూర్చున్నారు, ఆడపిల్లలు ఉన్నారు, నేను మాట్లాడబోయేది దొడ్డి గురించి, అంటే గుహలో మలమూత్రాల సంగతి. టిఫిన్లు ముందే పెట్టించేయమని నిర్వాహకులకు చెప్పాను. పెట్టించారు కాబట్టి నాకిక మొహమాటం లేదు.

తాళ్ళు, హెల్మెట్లు, లైట్లు, వీటి గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. మీ ప్రణాళిక కాగితం నేను చూశాను. ఐదుగురు, మూడు రోజులు, లోపలే క్యాంపు. అటుకులెన్ని, బెల్లమెంత, బ్యాటరీలెన్ని, అన్నీ గ్రాములతో సహా రాసుకున్నారు. బాగుంది. అయితే అందులో లోపలికి వెళ్ళే సామానే ఉంది. బయటికి మోసుకు రావలసిన దాని గురించి ఒక్క లైను కూడా లేదు. గుహలో ఎన్ని రోజులు ఉండగలరో తేల్చేది తిండి అనుకుంటున్నారు మీరు. నన్నడిగితే ఇదే తేలుస్తుంది. ఎంతమంది వెళ్ళాలి, క్యాంపు ఎక్కడ వేయాలి, రెండోసారి ఆ ఊరివాళ్ళు మిమ్మల్ని రానిస్తారా, ఇవన్నీ దీనితోనే ముడిపడి ఉన్నాయి.

లెక్క వేద్దాం. మనిషికి రోజుకు మలం సుమారు 100 నుంచి 250 గ్రాములు. మన తిండిలో పీచు ఎక్కువ, అందుకని పై అంకే పట్టుకోండి. ఐదుగురికి మూడు రోజులకు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. ఇది పెద్ద బరువేమీ కాదు. ఇప్పుడు మూత్రం చూడండి. మనిషికి రోజుకు లీటరున్నర వేసుకుంటే మొత్తం 22 లీటర్లు దాటుతుంది. అంటే 22 కిలోలు. మలం గురించే అందరూ సిగ్గుపడతారు, కానీ నడుం విరగ్గొట్టేది మూత్రమే. పైగా మీరు అటుకులు, సత్తుపిండి అంటూ ఎండు తిండి పట్టుకెళ్ళి, లోపల ఊరే నీళ్ళే కాచుకుని తాగుతారు. అప్పుడు వెళ్ళేటప్పటి బ్యాగు కన్నా వచ్చేటప్పటి బ్యాగు బరువెక్కుతుంది. కాగితం మీద వేసుకోకపోతే ఇది తోచదు.

అక్కడే ఓ మూల వదిలేస్తే ఏమవుతుందండీ అని ఒక తమ్ముడు ఇందాక బయట అడిగాడు. మంచి ప్రశ్న. ఊరి బయట పొలంలో చెంబు పట్టుకుని కూర్చుంటే ఎండ ఉంటుంది, మట్టి ఉంటుంది, పురుగులుంటాయి. కొద్ది రోజుల్లో అది మట్టిలో కలిసిపోతుంది. నేల లోపలికి దిగే నీటిని కూడా మట్టి చాలావరకు వడగడుతుంది. గుహలో ఎండ లేదు. చాలాచోట్ల మట్టి లేదు. ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అక్కడ బతికే జీవాలు చాలా తక్కువ తిండితో నెట్టుకొచ్చేవి. జగదల్‌పూర్ దాటాక కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ ఉంది, మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడి మడుగుల్లో గుడ్డి చేపలున్నాయి. వానకు కొట్టుకొచ్చే ఆకూ అలమూ మీద, గబ్బిలాల రెట్ట మీద ఆధారపడి నడిచే లోకం అది. అలాంటి చోట ఐదుగురు మనుషులు మూడు రోజుల మలం వదిలితే ఎక్కడా లేని ఎరువు ఒకేసారి వచ్చి పడినట్టు. బూజు లేస్తుంది, అక్కడ ఎన్నడూ లేని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి, ఉన్నవి వెనక్కి తగ్గుతాయి.

గబ్బిలాలు టన్నులకొద్దీ వేస్తుంటే లేనిది మనం వేస్తేనే తప్పొచ్చిందా అంటారు కొందరు. గబ్బిలం బయట పురుగుల్నో పండ్లనో తిని వచ్చి, తరతరాలుగా వేలాడే చోటే వేస్తుంది. దాని మీద బతికే పురుగులు ఆ కుప్ప చుట్టూనే ఉంటాయి. మనిషి మలంలో టైఫాయిడ్, కలరా, కామెర్లు తెచ్చే క్రిములు ఉండొచ్చు, అవి మళ్ళీ మనిషికే అంటుకుంటాయి. అలాగని గబ్బిలాల రెట్ట అమాయకమైనదని కాదు. ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే ఫంగస్ ఉండొచ్చు, మాస్కు లేకుండా దాన్ని తొక్కకండి.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టులోకి వస్తాను. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాయిని వేల ఏళ్ళ తరబడి కరిగిస్తుంది. సన్న పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. మీరు పాకుతూ వెళ్ళే దారి నీరు వేసుకున్న దారే. ఇసుకనేలలో ఏడాదికి కొద్ది మీటర్లు కదిలే భూగర్భజలం, ఇలాంటి కొండల్లో ఒక్క రోజులో వందల మీటర్లు, ఒక్కోచోట కిలోమీటర్లు కూడా పోగలదు. అది పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. ఫ్లోరసీన్ అని పచ్చగా మెరిసే రంగు. కొండపైన నీరు ఇంకే చోట దాన్ని కలిపి, కింద ఊటల దగ్గర కాపు కాస్తారు. ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడికి దారి ఉన్నట్టు. ఒక్కోసారి ఎవరూ ఊహించని ఊటలో, పక్క లోయలో తేలుతుంది. అంటే లోపల ఒక మూల మీరు వదిలింది ఏ ఊరి బిందెలోకి చేరుతుందో పైనుంచి చూసి చెప్పలేం.

మన గుప్తేశ్వరం సున్నపురాయి గుహ. దాని పక్కనే శబరి నది. కొరాపుట్ కొండల్లో కొలాబ్ అనే పేరుతో పుట్టి, మల్కనగిరి జిల్లా కొసన మోటు దగ్గర సీలేరును కలుపుకుని, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. శివరాత్రికి ఇక్కడ మునిగేవాళ్ళకీ, అక్కడ మన చుట్టాలకీ అవే నీళ్ళు. కిరండూల్ రైలెక్కి మీరు పోయి చూసే బొర్రా కూడా అంతే. గుహ కిందుగా గోస్తనీ పారుతుంది. అదే నది మీద తాటిపూడి రిజర్వాయరు ఉంది, విశాఖపట్నానికి తాగునీరు కొంత వెళ్ళేది అందులోంచే. 2007లో రాయగడ జిల్లా కాశీపూర్ వైపు కలరా వచ్చినప్పుడు కొండ ఊళ్ళు ఎలా అల్లాడాయో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొండ మీద ఊటకి ప్రత్యామ్నాయం ఉండదు. ట్యాంకరు ఎక్కదు, బోరు పడదు.

ఈ జాగ్రత్త మన దగ్గరే చెప్పుకోవలసింది కూడా కాదు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో లెచుగియా అని ఒక గుహ ఉంది. 1986లో శిథిలాలు తవ్వి దారి చేసుకుని లోపలికి వెళ్ళారు. ఇప్పటికి 240 కిలోమీటర్లు దాటి కొలిచారు, ఇంకా అయిపోలేదు. అక్కడ రోజుల తరబడి లోపలే క్యాంపు చేస్తారు, మలమంతా బయటికి మోసుకొస్తారు. పర్యాటకులకు ప్రవేశం లేదు, పరిశోధనకి, సర్వేకి మాత్రమే అనుమతి. ఎందుకంత పట్టుదల అంటే, ఆ గుహలో 40 లక్షల ఏళ్ళుగా పై లోకంతో సంబంధం లేని చోట దొరికిన బ్యాక్టీరియా మన యాంటీబయాటిక్స్‌ను తట్టుకుంటోందని 2012లో ప్రకటించారు. మందులు మనం కనిపెట్టక ముందే ఆ నిరోధం ప్రకృతిలో ఉందని దానివల్ల తేలింది. పక్కనే ఎవడో కూర్చుని లేచి ఉంటే, ఆ బ్యాక్టీరియా గుహదా, వాడి పేగుల్లోదా అన్న అనుమానం ఎప్పటికీ తీరేది కాదు. మన బేలం గుహల్ని చూడండి, 3,229 మీటర్లు. 1982, 83ల్లో జర్మన్లు వచ్చి కొలిచారు. ఆ తర్వాత కూడా 1988 దాకా చుట్టుపక్కల చెత్త అందులోనే పోసేవారు. శుభ్రం చేశాకే మనం టికెట్టు కొనుక్కుని వెళ్తున్నాం.

సరే, పద్ధతి. విదేశాల్లో దీనికోసం తయారుచేసిన సంచులమ్ముతారు. లోపల ఒక పొడి ఉంటుంది, తడిని పీల్చి గట్టిపరుస్తుంది. మనకి అంత దూరం అక్కర్లేదు. మెడికల్ షాపులో పెద్దవాళ్ళ డైపర్లు, మంచం మీద పరిచే అండర్‌ప్యాడ్లు దొరుకుతాయి, వాటిలో ఉండేదీ ఆ పొడే. అండర్‌ప్యాడ్ ముక్క ఒకటి మందపాటి కవర్లో పరవండి. పని కానివ్వండి. గాలి తీసి ముడివేసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టండి. దాన్ని గట్టి డబ్బాలో వేయండి. ఆ గట్టి డబ్బా చాలా ముఖ్యం. ఇరుకు సందులో బ్యాగును కాలికి కట్టుకుని ఈడ్చుకొస్తారు కదా, ఉత్త కవరైతే అక్కడ ఏమవుతుందో వేరే చెప్పాలా. హార్డ్‌వేర్ షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క కోయించి, ఒక వైపు మూత అతికించి, రెండోవైపు మర తిరిగే మూత బిగిస్తే సరిపోతుంది. మీరు దాటాల్సిన అతి ఇరుకు సందులో అది పడుతుందో లేదో ముందే చూసుకోండి. రెండు రోజులయ్యాక లోపల గ్యాసు చేరుతుంది. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, మెల్లగా, బయట గాలిలోకి వచ్చాకే తీయాలి.

మనవాళ్ళకి అసలు చిక్కు కడుక్కోవడం దగ్గర వస్తుంది. కాగితంతో తుడుచుకుని లేవడం మనకి మనసొప్పదు. ఒప్పక్కర్లేదు. ముందు కాగితంతో తుడవండి, తర్వాత సన్న మూతి ఉన్న చిన్న సీసాతో కొద్ది నీళ్ళు ఆ సంచిలోకే పడేలా వాడండి. ఆ పొడి పీల్చుకుంటుంది. చెంబెడు నీళ్ళు పోస్తే మాత్రం ఏ పొడీ ఆపలేదు, ఇంటి దగ్గరే నాలుగు రోజులు ప్రాక్టీసు చేసుకుని రండి. నవ్వుతున్నారు, నేను నిజంగానే చెప్తున్నాను. మోకాళ్ళ మీద గుడ్డి వెలుగులో చిన్న సంచి మీద గురి కుదరాలంటే అలవాటు కావాలి. చేతులకి శానిటైజరు ప్రతిసారీ. వంట చేసేవాడు రెండుసార్లు.

మూత్రానికి వెడల్పు మూతి సీసా, ఎవరిది వాళ్ళకే. తాగే నీళ్ళ సీసాకి దీనికి ఆకారం వేరుగా ఉండాలి, చుట్టూ టేపు గరుగ్గా చుట్టండి, చీకట్లో చేత్తో తడిమితే తెలియాలి. పల్చటి మినరల్ వాటర్ సీసాలు పనికిరావు, సందుల్లో నొక్కుకుని పగులుతాయి. పొడిగా ఉన్న గుహలో అయితే బయటికి మోయడమే. నీళ్ళు కూడా మీరే పట్టుకెళ్తారు కాబట్టి తాగి ఖాళీ అయ్యే సీసాల బరువు ఇటు సర్దుకుంటుంది. పెద్ద ఏరు పారే గుహల్లో ఆ ప్రవాహంలోనే కానిచ్చే బృందాలు ఉన్నాయి, పల్చబడిపోతుందని వాళ్ళ వాదన. ఆ ఏరు బయటికి వచ్చే చోట ఎవరూ తాగరని ఖాయంగా తెలిస్తే నేను అభ్యంతరం చెప్పను. మన కొండల్లో అలా ఖాయంగా చెప్పగలిగిన చోటు నాకు తెలియదు. ఇసుక మీద మాత్రం ఎక్కడా వద్దు. కడిగే వాన అక్కడ పడదు, అమ్మోనియా వాసన అలాగే పట్టుకుంటుంది, మీ తర్వాత వచ్చేవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

బ్లీచింగ్ పౌడర్ చల్లేస్తే సరిపోదా అని నీటి సరఫరా వాళ్ళెవరైనా అడగొచ్చు, మా డిపార్టుమెంటు మందు అది. మూత్రం మీద బ్లీచింగ్ చల్లితే క్లోరమిన్ అనే విషవాయువు వస్తుంది. గాలి ఆడని చోట అది ప్రాణం మీదికి తెస్తుంది. గుహలోకి బ్లీచింగ్ తేవద్దు.

దొడ్డికి చోటు క్యాంపు వేసిన మొదటి గంటలోనే చూసుకోవాలి. నీటికి దూరంగా, పైనుంచి బొట్లు పడని చోట, అందరూ నడిచే దారికి ఒక మలుపు అవతల. కింద టార్పాలిన్ ముక్క పరవండి. మలుపు దగ్గర ఒక చిన్న లైటు పెట్టుకోండి, వెలిగి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, అటు వెళ్ళకూడదు. బృందంలో ఆడపిల్లలుంటే ఈ ఏర్పాటు మీద వాళ్ళ మాటే చెల్లాలి. చాటు సరిగా లేకపోతే వాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. ఇది నేను ఫీల్డులో పనిచేసినంత కాలం చూశాను, మరుగుదొడ్డి లేని ప్రతి ఆఫీసులోనూ. గుహలో నీళ్ళు తాగని మనిషి తాడు మీద కళ్ళు తిరిగి పడుతుంది. ప్యాడ్లు వాడినా, కప్పు వాడినా అదీ ఈ సంచిలోకే, ఈ డబ్బాలోకే. దానికోసం నాలుగు సంచులు అదనంగా ఇవ్వండి, అడిగించుకోవద్దు.

బయలుదేరే ముందు రోజు రాత్రి హోటల్లో బిర్యానీలు వద్దు. ఈ మాట ఎవరూ వినరని తెలుసు, అయినా చెప్తున్నాను. లోపల కడుపు చెడితే అది ఒకరి బాధగా ఉండదు, సంచులన్నీ ఆ ఒక్కరికే అయిపోతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. 2023లో టర్కీలోని మోర్జా గుహలో ఒక అమెరికన్ అన్వేషకుడికి వెయ్యి మీటర్ల లోతున కడుపులో రక్తస్రావమైంది. కారణం వేరేదే అనుకోండి. కానీ పైకి తేవడానికి అంతర్జాతీయ బృందాలకి రోజులు పట్టింది, సెప్టెంబరు 12న బయటికి వచ్చాడు. స్ట్రెచర్ మీద ఉన్న మనిషి దొడ్డి సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ పనికి మీలో ఎవరు సిద్ధమో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇక లోపలికి వెళ్ళే అనుమతి. కొరాపుట్ మొత్తం షెడ్యూల్డు ప్రాంతం. అటవీశాఖ కాగితం ఒక్కటీ చేతిలో ఉంటే చాలదు, ఆ కొండ కింద ఊళ్ళో పెద్దమనుషుల్ని కలవాలి, పల్లీసభలో, అంటే ఊరి సభలో మాట్లాడాలి. మేఘాలయకి వెళ్తున్నవాళ్ళకి కూడా ఇదే. అక్కడ భూమి చాలావరకు వంశాలవి, ఊళ్ళవి, ఊరి పెద్ద సరే అంటేనే గుహ. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దేవుడి గురించి ఉంటుంది, రెండోది నీళ్ళ గురించి. మా చెత్త, మా మలం అంతా మేమే తీసుకుపోతాం అని డబ్బా చూపించి చెప్పండి. అలా డబ్బా తెరిచి చూపిస్తే కాదన్న ఊరిని నేను చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా నిండిన డబ్బాతో ఊరి మధ్యనుంచే నడవండి, చాటుగా పోకండి. వానాకాలంలో అడగనే వద్దు. కుటుంసర్‌ని ఆ నెలల్లో మూసేస్తారు, లోపల నీళ్ళు నిండుతాయి.

సామాను మోయడానికి ఊరి కుర్రాళ్ళని పెట్టుకుంటారు. మంచిదే, వాళ్ళకి నాలుగు డబ్బులు. తాళ్ళు మోయించండి, బియ్యం మోయించండి. ఈ డబ్బా మాత్రం మోయించకండి. ఎవరిది వాళ్ళే మోయాలి. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిన దేశం మనది. ఇక్కడి గిరిజనుల్లో పరజా కుర్రాడో గదబ కుర్రాడో కూలికి వచ్చాడని మీది వాడి నెత్తిన పెడితే అది ఆ పాత అలవాటే. డబ్బులెక్కువ ఇస్తాం కదా అంటారు. ఎక్కువిచ్చినా వద్దు. పెద్దవాళ్ళు వచ్చినా, ప్రొఫెసర్లు వచ్చినా ఇంతే. మోయలేనివారు లోపల రాత్రి ఉండకుండా సాయంత్రానికి వచ్చేయాలి.

బయటికి తెచ్చాక కొండ వాలులో గొయ్యి తీసి పూడ్చేద్దాం అనిపిస్తుంది. సున్నపురాయి మీద మట్టి పల్చగా ఉంటుంది, మొదటి వానకి మళ్ళీ లోపలికే దిగుతుంది. పట్టణం దాకా తీసుకురండి. సంచులు గట్టి కవర్లో చుట్టి, డైపర్ల మాదిరిగానే మునిసిపాలిటీ బండికి విడిగా, ఏముందో చెప్పి ఇవ్వండి. మూత్రం సీసాలు మరుగుదొడ్లో పోసి కడిగేస్తే అయిపోయింది. ఆ సంచుల్ని మాత్రం మరుగుదొడ్లో వేయకండి, ఆ పొడి ఉబ్బి పైపు మూసుకుపోతుంది.

ఏదైనా అడగాలంటే అడగండి.

ఎన్ని సంచులు పట్టుకెళ్ళాలి అంటున్నాడు బాబు. అనుకున్న రోజులకి రెట్టింపు. 2018లో థాయ్‌లాండులో 12 మంది పిల్లలు, వాళ్ళ కోచ్ జూన్ 23న గుహలోకి వెళ్ళి, వెంటనే వచ్చేద్దామనుకున్నారు. వాన పడి దారి మూసుకుపోయింది. జూలై 2న కనబడ్డారు, 10వ తేదీకి అందరూ బయటపడ్డారు. సంచుల బరువు ఎంతని, ఇంకో పది పెట్టుకోండి.

అమ్మా, మీరు? మందు వేసుకుని మూడు రోజులు ఆపుకోవచ్చా అని. వద్దమ్మా. విరేచనాలు ఆపే మాత్ర జబ్బుకి వాడేది, సౌకర్యానికి కాదు. డాక్టరు చెప్తే తప్ప వేసుకోకండి.

వెనక నుంచి ఎవరో జీపు గురించి అడిగారు. తిరిగి వచ్చేటప్పుడు డబ్బా ఎక్కడ పెట్టాలి అని. పైన క్యారియర్ మీద, నిలబెట్టి తాడేసి కట్టండి, గోనెపట్టా తడిపి కప్పండి. ఎండలో గ్యాసు పెరుగుతుంది. డ్రైవరుకి మాత్రం బయలుదేరక ముందే చెప్పండి, ఘాట్ రోడ్డు మధ్యలో కాదు.